ముడి విప్పిన చెయ్యి

తెల్లవారి లేచిన హాజిరా పొయ్యి వైపు చూడలేదు, పక్కలో ముడుచుకొని పడుకున్న కూతురి వైపు కూడా చూడలేదు. ముందుగా గుడిసె నడిమి గుంజ వైపు చూసింది. గుంజకు కట్టిన తాడు కట్టినట్టే ఉంది. దాని కొసన ఉండాల్సిన పిల్లి లేదు.

"పాయె! మళ్ల పాయె!" అంటూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

బయట చలి కాగుతున్న ఆమె మొగుడు మహబూబ్ తడిక జరిపి తల లోపలికి పెట్టాడు. "ఏంది, బంతేనా?"

"బంతి గాక మీ తాతనా? ఇగో, సూడు నీ తాడు. ఏనుగును కట్టినా తెగదని నిన్న ఎంత గనం చెప్తివి!"

మహబూబ్ తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు. తడిగా, నమిలినట్టుగా ఉంది. అతని మొహం చిన్నబోయింది. అది దూది ఏకే విల్లుకు కట్టే నారి. మేక పేగును ఎండబెట్టి పేనింది. విల్లు మీద ఏళ్ల తరబడి మోగినా తెగదు, ఆ మాట నిజమే. కాని మేక పేగు తెచ్చి పిల్లి మెడకు కడితే ఏమవుతుందో ఆ మహానుభావుడికి తట్టలేదు. బంతి తీరిగ్గా భోంచేసి, మూతి తుడుచుకొని, తన దారిన తాను పోయింది.

గుడిసె మూల రజాయి కుడుతున్న తాజ్‌బీ, మహబూబ్ తల్లి, తల ఎత్తకుండానే నవ్వింది. "నా కొడుకు పిల్లిని కట్టెయ్యలే. బువ్వ పెట్టిండు."

"నవ్వు అత్తా, నవ్వు," అంది హాజిరా. "అది ఆ ఇంట్ల పొర్లాడొచ్చి నా బిడ్డ పక్కల పండుకుంటది. అప్పుడు గూడ నవ్వు."

తాజ్‌బీ నవ్వు ఆగిపోయింది. ఆమె మళ్లీ సూది ఎత్తుకుంది.

నెల రోజుల కింద తెలకపల్లిలో ఎలుకలు పడ్డాయి. పడడమంటే నిజంగా పడడమే. దూలం మీద పోతున్న ఎలుక తాగినవాడిలా తూలి, నట్టింట్లో టప్పుమని పడి, గిరగిరా నాలుగు చుట్లు తిరిగి చచ్చిపోతుంది. ఒకే వీధిలో అట్లా ఏడెనిమిది పడేసరికి ఊళ్లో పెద్దవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పిలేగు వచ్చిందని వాళ్లకు తెలిసిపోయింది. పొద్దు వాలేలోగా ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలు వేసి, గడపలకు తుమ్మకంప అడ్డం పెట్టి, వాగు దాటి ఇవతలి చేలల్లో జొన్నచొప్ప గుడిసెలు వేసుకుంది. నలభై రోజులు ఎవరూ ఊళ్లోకి పోకూడదు. పోయినవాళ్లు పది రోజులు వాగు అవతలి గడ్డ మీదే ఉండాలి. పెద్దమనుషులు అట్లా కట్టడి చేశారు. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, ముసలీ ముతకా అందరూ దానికి లోబడ్డారు. లోబడనిది మహబూబ్ ఇంటి పిల్లి ఒక్కటే.

దూదేకులవాళ్ల ఇంట్లో పిల్లిని ముద్దుకు పెంచరు. ఎలుక ఒక్క పూటలో దూది మూటను చిందరవందర చేసి గూడు కట్టుకుంటుంది. అందుకే పసుపుచారల బంతికి ఆ ఇంట్లో మహబూబ్ కంటే మర్యాద ఎక్కువ. ఇప్పుడు ఆ ఎలుకల వేటే ప్రాణం మీదికి తెచ్చింది. రోజూ తెల్లవారగానే వాగులో రాళ్ల మీద దుముకుతూ పోతుంది, ఎండ ఎక్కాక వస్తుంది, ఇంత తిని మళ్లీ పోతుంది. ఎక్కడికని అడగాల్సిన పని లేదు. తోకకు అంటిన బూజు తమ ఇంటి అటకదేనని హాజిరాకు తెలుసు.

సూదులు వెయ్యడానికి నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి వచ్చిన జవాను ఒక మాట చెప్పి పోయాడు. "జబ్బు తెచ్చేది ఎలుక మీది పురుగమ్మా. ఎలుక సచ్చినంక ఆ పురుగు ఇంకో వెచ్చటి ఒళ్లు ఎతుక్కుంటది. పిల్లికి ఎక్కుతది, పిల్లలకు ఎక్కుతది." ఆ పూట కూతురు ఖాజాబీ వంతు వచ్చేసరికి మందు అయిపోయింది. వచ్చే వారం వస్తానని ఆయన వెళ్లిపోయాడు. అప్పటి నుంచి హాజిరా కంటి మీద కునుకు లేదు. ఇద్దరు కడుపులోనే పోయాక దక్కిన పిల్ల ఖాజాబీ. నాలుగేళ్లు. ఆ పిల్లకు పక్కలో బంతి లేనిదే నిద్ర పట్టదు.

మధ్యాహ్నం సాయన్న వచ్చాడు. ఆ గుడిసెలన్నిటికీ పెద్దదిక్కు ఆయనే. ఎవరి గుడిసెకైనా పది అడుగుల దూరంలో నిలబడి మాట్లాడడం ఆ నెలలో అలవాటు చేసుకున్నాడు.

"తాజ్‌బీ అక్కా, మీ పిల్లి సంగతేంది?"

"దాని సంగతేముంది సాయన్నా, పిల్లి కదా."

"పిల్లే. మనిషైతే కట్టడికి లోబడుతుండె. పొద్దుగాల వాగు దాటంగ నా కండ్లతోని జూసిన. నిన్న మా మనవరాలి జొన్నగటక గిన్నెల మూతి పెట్టింది. ఆడోళ్లంత నా మీద పడ్తున్నరు. సంచిల ఏసి వాగుల ముంచుమంటున్నరు."

"తోబ తోబ!" తాజ్‌బీ చెంపలు వేసుకుంది. "మూగదాని పానం దీస్తే ఆ పాపం ఏడ కడుక్కుంటం?"

"మాకు మాత్రం మంచిగనిపిస్తదా? పిల్లిని సంపినోడు బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలంటరు మావోళ్లల్ల. గంత బంగారం నా తాన యాడిది?" సాయన్న నవ్వబోయి మానుకున్నాడు. "జర ఇనుండ్రి. దాన్ని కట్టేసుకోర్రి. మళ్ల వాగు దాటినట్టు కనపడ్డదంటే మీ గుడిసె పీకి అవతలి గడ్డ మీద ఏసుకోవాలె. ఇది నేనొక్కన్ని అన్న మాట గాదు, అందరు కలిసి అన్నది."

అవతలి గడ్డ అంటే ఊరి వైపు. ఎలుకలు పడిన ఊరికి ఇంకా దగ్గర.

"కట్టేస్త," అంది హాజిరా, అత్త నోరు తెరిచేలోగా. "ఈసారి నేను కట్టేస్త సాయన్నా. ఎట్ల పోతదో జూస్త."

సాయంత్రం బంతి రానే వచ్చింది. తడిక వెనక కాచుకొని ఉన్న హాజిరా గోనెపట్టా దాని మీద వేసి పట్టుకుంది. పిల్లి ఆమె ముంజేతుల నిండా గీరింది. నెత్తురు తుడుచుకోకుండానే రజాయిలు కుట్టే నూలుదారం పేటలు పేటలుగా పేని, పిల్లి మెడకూ ముందరి కాళ్లకూ కలిపి తిప్పి, గుంజకు ముడి వేసింది. పరుపు మూలల్లో దూది జరగకుండా వేసే ముడి అది. లాగినకొద్దీ బిగుస్తుంది. కోస్తే తప్ప రాదని పరుపులు కొనుక్కునేవాళ్లు అనుకుంటారు. ఏ పోగు ఎటు తోయాలో తెలిసిన చేతికి మాత్రం చిటికెలో వస్తుంది.

మరునాడు బంతి ఎక్కడికీ పోలేదు. అది పోకపోతే తన మనసు కుదురుపడుతుందనుకుంది హాజిరా. కుదురు మాట దేవుడెరుగు, ఆ గుడిసెలో ఒక్కరికీ కాలు నిలవలేదు. పిల్లి గుంజ చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి తాడు చుట్టుకుపోయాక, మళ్లీ ఎదురు తిరిగి విప్పుకుంది. అరిచింది. మామూలుగా పాలకోసం అరిచే అరుపు కాదు, గొంతు లోపలి నుంచి లాగి లాగి అరిచింది. ముందు పెట్టిన పాలు ముట్టలేదు. పెట్టినప్పుడల్లా కాలు తగిలి గిన్నె బోర్లపడింది.

కాలుగాలిన పిల్లి అని జనం ఊరికే అంటారు గాని, ఆ రోజు మహబూబ్‌ను చూస్తే ఆ మాట మార్చి చెప్పుకునేవాళ్లు. విల్లు ఎత్తాడు, రెండు దెబ్బలు కొట్టి దించాడు. బీడీ ముట్టించాడు, పారేశాడు. వాగు దాకా పోయి ఉత్తిచేతులతో తిరిగి వచ్చాడు. తాజ్‌బీ రజాయి అంచు మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. గటక కలిపి ముందు పెడితే వేలితో కెలికి పక్కకు జరిపింది.

"అమ్మా, బంతి ఏడుస్తున్నదే," అంది ఖాజాబీ.

"ఏడ్వనీ. నువ్వు దగ్గరికి పోకు."

"జర ఇడిసిపెట్టరాదే పిల్లా," అంది తాజ్‌బీ మెల్లగా. "దాని అరుపు ఇనబుద్ధి అయితలేదు."

"ఇడిసిపెడితే సాయన్న మన గుడిసె పీకిస్తడు. అవతలి గడ్డ మీద ఈ పిల్లకు ఏమన్నయితే ఎవరు జిమ్మేదారి? నువ్వుంటవా?"

తాజ్‌బీ లేచింది. పిల్లి దగ్గరికి పోయి, వంగి, దాని కడుపు కింద చెయ్యి పెట్టి చూసింది. చాలాసేపు అట్లాగే వంగి ఉంది. తర్వాత బయటికి పోయి వాగు వైపు మొహం పెట్టి కూర్చుంది. ముసలితనం కదా, మనసు మెత్తబడింది అనుకుంది హాజిరా.

ఆ మర్నాడు పొద్దున ఖాజాబీ నుదురు వెచ్చగా తగిలింది.

హాజిరా ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. పిల్ల రవికె పైకి లాగి చంకలు తడిమింది. గజ్జల్లో తడిమింది. మెడ కింద, చెవుల వెనక వేళ్లు ఒత్తి ఒత్తి చూసింది. గడ్డ లేదు. ఎక్కడా లేదు. పిల్ల రెండుసార్లు తుమ్మి, ముక్కు చీది, "సలి పెడుతున్నదమ్మా," అని మళ్లీ బొంతలో దూరింది. ఉత్త పడిశమే. అప్పుడు హాజిరా తల తిప్పి గుంజ వైపు చూసింది.

తాడు నేల మీద పడి ఉంది. కొరికింది కాదు, తెగింది కాదు. ముడి విప్పి, సాపు చేసి, పాములా పొడుగ్గా పరిచినట్టు ఉంది.

ఆ ముడి ఆ గుడిసెలో ఇద్దరికే తెలుసు. వేసింది తను. తనకు నేర్పింది అత్త.

హాజిరా తాడు చేతికి చుట్టుకొని బయటికి వచ్చింది. తాజ్‌బీ నిన్న కూర్చున్నచోటే కూర్చొని ఉంది. మంట దగ్గర మహబూబ్ పుల్లలు ఎగదోస్తున్నాడు.

"అత్తా, ఈ ముడి ఎవరిప్పిన్రు?"

తాజ్‌బీ తిరిగి చూడలేదు. "నేనే."

"అమ్మా!" అన్నాడు మహబూబ్ నమ్మలేనట్టు.

"నువ్వా!" హాజిరా గొంతు పక్క గుడిసెలదాకా పోయింది. "పిల్లకు ఒళ్లు కాలుతున్నది, నువ్వు పోయి పిల్లిని ఇడిసి పెట్టినవా? సాయన్న చెప్పింది ఇన్నవు కదా? జవాను చెప్పింది ఇన్నవు కదా? నీకు పిల్లి ఎక్కువనా, మనవరాలు ఎక్కువనా?"

"పిల్లకేమైంది?" తాజ్‌బీ గాబరాగా లేచింది.

"ఏం గాలే. పడిశం పట్టింది. కాని రేపు గడ్డ లేస్తే? నీకేం పోతది అత్తా! ఉన్న ఒక్క కొడుకు ఎదిగి నీ కండ్లముందు తిరుగుతున్నడు. కన్న బిడ్డను పోగొట్టుకున్నదానివైతే నీకు తెలుస్తుండె నా కడుపుల మంట!"

"హాజిరా, చాలియ్యి," అన్నాడు మహబూబ్.

తాజ్‌బీ మాత్రం కోపానికి రాలేదు. చీర కొంగు తలమీదికి సర్దుకొని, మళ్లీ అక్కడే మెల్లగా చతికిలబడింది.

"నాకొక బిడ్డ ఉండె," అంది. "హుసేన్‌బీ. నీ మొగుని కంటె రెండేండ్లు పెద్దది."

హాజిరా మొగుడి మొహం చూసింది. ఎనిమిదేళ్ల కాపురంలో ఆ పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మహబూబ్ తల దించుకున్నాడు. అక్క ఒకతె ఉండేదని, చిన్నప్పుడే పోయిందని మాత్రమే అతనికి తెలుసు.

"ఇరవై రెండేండ్ల కింద గిట్లనే ఎలుకలు పడ్డయి," అంది తాజ్‌బీ. "గిదే వాగు దాటినం. పొద్దుగాల బయలెల్లుదామనుకునేసరికి దాని సంకల గడ్డ లేసింది. నాలుగేండ్ల పిల్ల. 'దీని తాన నేనుంట, నువ్వు పిలగాన్ని తీస్కొని నడువు, ఒగన్నన్న బతికించుకో' అన్నది మా అత్త. రెండేండ్ల మహబూబును సంకనేసుకొని వాగు దాటిన. దాటినంక నాకు కాలు నిలువలే. మళ్ల పోత అన్న. పోతే జబ్బు దెస్తవు, పిలగాడు గూడ పోతడు అన్నరు. ఉరికిన. వాగు నడుమల పట్టుకొచ్చిన్రు. ఇంకోపారి ఉరికిన. గప్పుడు మీ మామ నన్ను గుంజకు కట్టేసిండు."

"నాయినా?" అన్నాడు మహబూబ్.

"మీ నాయిన తప్పు గాదు బిడ్డా. ఏడ్సుకుంట కట్టేసిండు. మూడు దినాలు గుంజకున్న. పోయేటోళ్లను వచ్చేటోళ్లను జూసిన, ఎవ్వరన్న ఇప్పుతరేమో అని. ఒక్క చెయ్యి రాలే. నాలుగోనాడు ఇప్పిన్రు. ఇప్పినంక ఇగ నాకు పోయే పని లేకుండె."

మంటలో పుల్ల ఒకటి చిటపటలాడింది. హాజిరాకు చేతికి చుట్టుకున్న తాడు ఏం చెయ్యాలో తెలియలేదు.

"నిన్న దీన్ని గుంజకు జూస్తుంటే నా చేతులు ఊకె ఉండలే పిల్లా. దగ్గరికి పోయి జూసిన. రొమ్ములు గట్టిపడి పాలు కారుతున్నయి. అది ఎలుకల కోసం పోతలేదు. మనం ఆ ఇంట్ల దాని పిల్లలను ఇడిసిపెట్టొచ్చినం."

హాజిరాకు ఒక్కసారిగా లోపలి అర్ర కళ్లముందు మెదిలింది. ఊరు వదిలిన పూట ఆ అర్ర తలుపు మూసింది తనే. ఎలుకలు దూరకుండా తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కింది తనే. ఏకని దూది మూటలు గోడవారగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక ఒక్కసారి చూసి ఉంటే! బంతి కప్పు మీది పెంకుల సందులోంచి దూరి, రోజూ మైలు దూరం పోయి, పిల్లలకు పాలిచ్చి వస్తున్నదన్నమాట. అది పోవద్దని తను దాన్ని రోజంతా గుంజకు కట్టేసింది. ఆ పాలు గట్టిపడిన నొప్పి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. రెండుసార్లు కాన్పయి, పట్టించడానికి పిల్ల లేక, పాలు పిండి గోడకు పోసుకున్న మనిషి ఆమె.

"నా నోరు పడిపోను," అంది. అత్త ముందు మోకాళ్ల మీద కూలబడి ఆమె కాళ్లు పట్టుకుంది.

"లే పిల్లా, లే. నీకు తెల్వదు కదా. నేను చెప్తే గద నీకు తెల్సేది."

ఇంతలో సాయన్న కర్ర ఊపుకుంటూ రానే వచ్చాడు. వెనక నలుగురైదుగురు ఉన్నారు. "మీ పిల్లి వాగు దాటింది. మా అందరి కండ్లముందు దాటింది. ఇగ నన్ననొద్దు మహబూబూ, గుడిసె పీకు."

మహబూబ్ ఏదో అనబోయాడు. హాజిరా కళ్లు తుడుచుకొని లేచి ముందుకు వచ్చింది. "సాయన్నా, అది ఎలుకల కోసం పోలే. దాని పిల్లలు మా ఇంట్ల ఉన్నయి. తెలివక తాళమేసి వచ్చినం."

"పిల్లలున్నా, ఏమున్నా..."

"గుడిసె పీకే పని లేదు," అంది తాజ్‌బీ. "నేను పోత అవతలి గడ్డకు. నేనొక్కదాన్నే. పది దినాలు ఆడనే ఉంట. నేనాడ కూసుంటే అది ఈడికి రాదు, పిల్లలను నా తానికి తెచ్చుకుంటది. ఈడికి తెస్తే మీరు రాళ్లేస్తరని దానికి ఎరుకనే."

"ముసలిదానివి, ఒక్కదానివి ఆ గడ్డ మీద ఎట్లుంటవే?" అన్నాడు మహబూబ్.

"ఉంట. ఈసారన్న నన్ను పోనియ్యుర్రి."

సాయన్న చేతిలో కర్ర నేలకు దిగింది. ఆయన తాజ్‌బీ వైపు చూడలేక వాగు వైపు చూశాడు. ఇరవై రెండేళ్ల కింద ఆయన మీసం నల్లగా ఉండేది. ఆ గుంజ పక్క నుంచి పోయినవాళ్లలో ఆయనా ఒకడు.

"అక్కా," అన్నాడు చివరికి, "ఆనాడు నువ్వు నన్ను పేరు వెట్టి పిలిస్తివి. నేను ఇననట్టు పోయిన."

"ఎరుకనే సాయన్నా."

సాయన్న వెనకాల వచ్చినవాళ్లను పంపేసి, పది అడుగుల దూరం సంగతి మరిచిపోయి గుడిసె దగ్గరికి వచ్చి, తానే నాలుగు వాసాలు భుజానికెత్తుకున్నాడు. నీళ్ల అంచున నిలబడి వాటిని అవతలికి విసిరాడు. మధ్యాహ్నానికల్లా తాజ్‌బీ అవతలి గట్టు మీద తుమ్మచెట్టు పక్కన చిన్న పందిరి నిలబెట్టుకుంది. హాజిరా ఒక గంపలో ఏకిన దూది పరిచి, వేపాకు చల్లి ఇచ్చింది. పాల ముంత, గటక, ఉప్పు, పచ్చిమిరపకాయలు కట్టి ఇచ్చింది. తను మాత్రం దాటలేదు. తుమ్ముతున్న పిల్లను వదిలి ఎట్లా దాటుతుంది?

ఆ రోజు బంతి ఒంటరిగానే వచ్చింది. తాజ్‌బీ పోసిన పాలు తాగి, గంప చుట్టూ తిరిగి, వాసన చూసి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. హాజిరా పొద్దునా మాపూ బువ్వ తెచ్చి ఇవతలి గట్టు మీద పెట్టి పక్కకు తప్పుకుంటే, తాజ్‌బీ నీళ్లలో దిగి తీసుకుపోయేది. ఇద్దరి నడుమ వాగు పది బారలు కూడా లేదు. మోకాలి లోతు నీళ్లు. ఆ పది బారలే హాజిరాను నిలవనీయలేదు. గుడిసెకు పోయేది, పిల్ల నుదురు చూసేది, మళ్లీ గట్టుకు వచ్చేది.

మూడోనాడు ఎండ వాలుతుండగా బంతి కనపడింది. పొదల వెంట, నేలకు ఆనుకొని, ఆగి ఆగి వస్తోంది. నోట్లో ఏదో వేలాడుతోంది.

"అత్తా! తెస్తున్నది! ఒకదాన్ని తెస్తున్నది!"

తాజ్‌బీ పిల్లి వైపు చూడలేదు. పందిరి గుంజను రెండు చేతులా పట్టుకొని, వెనక్కి తిరిగి కూర్చుంది. "నేను జూడ. నువ్వే జూసి చెప్పు."

"గంపల ఏసింది. చారల పిల్ల. మూల్గుతున్నది. బతికే ఉన్నది అత్తా. మళ్ల పోతున్నది."

మహబూబ్ వచ్చాడు. ఖాజాబీ ముక్కు చీదుకుంటూ వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. పడిశం తగ్గుముఖం పట్టింది. గంట గడిచాక బంతి రెండోదాన్ని తెచ్చింది. అది నల్లది. పొద్దు తాటిచెట్లలోకి దిగేసరికి మూడోది. అది అన్నిటికన్నా చిన్నది, తల్లి నోట్లో తడిగుడ్డలా వేలాడింది. గంపలో వేశాక కదలలేదు. బంతి నాకింది, మూతితో పొర్లించింది, మళ్లీ నాకింది. అప్పుడు ఆ చిన్నది సన్నగా, కోపంగా అరిచింది.

"మూడు! మూడు అత్తా! మూడూ బతికే ఉన్నయి!"

"అయిపాయెనా?"

హాజిరా నోరు తెరిచేలోగా బంతి లేచింది. అలసిపోయి కాళ్లు తడబడుతున్నాయి. అయినా మళ్లీ పొదల్లోకి, ఊరి వైపు పోయింది.

"లేదు. మళ్ల పోయింది."

"ఇంకోటి ఉన్నది," అంది తాజ్‌బీ గుంజను ఇంకా గట్టిగా పట్టుకొని. "నాకెరుకనే, ఇంకోటి ఉన్నది."

ఎంతసేపు గడిచిందో ఎవరూ చెప్పలేరు. గంపలో పిల్లలు అరుస్తున్నాయి. మహబూబ్ కూర్చోలేక, నిలవలేక గట్టు మీద ఈ కొసకూ ఆ కొసకూ తిరిగాడు. వెలుతురు ఎర్రబడుతుండగా పొదల్లోంచి బంతి వచ్చింది.

"నోట్లె ఏమున్నది? పిల్లా, నోట్లె ఏమున్నది?"

"ఏం లేదత్తా. ఒట్టిగ వచ్చింది."

తాజ్‌బీ గుంజకు తల ఆనించింది. "ఉండిపాయెనేమో. లోపల ఒకటి ఉండిపాయెనేమో. సచ్చిపాయెనేమో..."

"లేదు. ఇటు మర్లి జూడు. అత్తా, నా మాట ఇను, ఒక్కసారి మర్లి జూడు."

తాజ్‌బీ తిరిగింది. బంతి గంపలో పడుకొని ఉంది. కాళ్లు బార్లా చాపి, కళ్లు మూసుకొని పడుకుంది. మూడు పిల్లలూ దాని పొట్టకు అతుక్కొని ఉన్నాయి.

"ఉంటే అది గిట్ల పండుకుంటదా?" అంది హాజిరా. "మూడే. ఇంకేమన్న ఉన్నదేమోనని పోయి సూసొచ్చింది. లేదని సూసుకొని వచ్చింది."

తాజ్‌బీ పిల్లినే చూస్తూ ఉండిపోయింది. "సూసొచ్చింది," అంది. "నన్ను గూడ ఒక్కపారి పోనిస్తే... నేను గూడ సూసొస్తుంటి హాజిరా. బతికిస్తుంటి అంటలేను. ఊకె సూసొస్తుంటి. అమ్మ వచ్చిందని దానికి తెలుస్తుండె."

ఆ మాటతో ఆమె విరిగిపోయింది. ఇరవై రెండేళ్లు ఎక్కడ దాచుకుందో, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపుకు తుమ్మచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

హాజిరా చీర మోకాళ్లదాకా ఎత్తి దోపుకొని నీళ్లలోకి దిగింది.

"ఏయ్, హాజిరా!" అన్నాడు మహబూబ్. "దాటితే పది దినాలు రానియ్యరు!"

"తెల్సు. బిడ్డను జూస్కో. జవాను వస్తే ముందుగాల దీనికే సూది ఏయించు."

"అమ్మా!" అని ఖాజాబీ ఏడుపు అందుకుంది.

వాగు నడుమ హాజిరా కాళ్లు ఆగిపోయాయి. ముందు ఒక ఏడుపు, వెనక ఒక ఏడుపు. వెనక్కి తిరిగింది. "ఈ గట్టు మీదనే ఉంట బిడ్డా. నీకు కనపడుకుంటనే ఉంట. రోజు నాయినతోని ఈడికి రా, మనం ముచ్చట పెట్టుకుందం. సరేనా?" పిల్ల ముక్కు తుడుచుకొని తండ్రి చంకలోంచి తల ఊపింది. హాజిరా అవతలి గట్టు ఎక్కింది.

"ఎందుకొస్తివే?" అంది తాజ్‌బీ వెక్కుతూ. "బిడ్డను ఇడిసిపెట్టి ఎందుకొస్తివే పిచ్చిదానా?"

"దాని తాన వాళ్ల నాయిన ఉన్నడు. నీ తాన ఎవరున్నరు?"

హాజిరా పక్కన కూర్చొని అత్త తలను తన భుజం మీదికి లాక్కుంది. ఏడుపు ఒక కొసకు వచ్చేదాకా వీపు నిమిరింది. గంపలో బంతి ఒకసారి కన్ను తెరిచి, వీళ్లను చూసి, మళ్లీ మూసుకుంది.

"ఎట్లుండె అత్తా, హుసేన్‌బీ?" అని అడిగింది హాజిరా.

తాజ్‌బీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎట్లుండె అంటే ఏం చెప్పాలె. జర సేపు ఒక్క తాన కూసోకపోతుండె. మీ మామ దూది ఏకి కుప్ప వోస్తే ఉరికొచ్చి అండ్ల దుంకుతుండె. ముక్కులకు పోయి తుమ్ముకుంట, తుమ్ముకుంట నవ్వుతుండె..."

"మామ తిట్టకపోతుండెనా?"

"ఆయన తిడితే అది ఇంకోపారి దుంకుతుండె."

ఇవతలి గట్టు మీద మహబూబ్ పిల్లను ఎత్తుకొని నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్క కబుర్లు విన్నాడు. చీకటి పడేదాకా తాజ్‌బీ చెబుతూనే ఉంది, హాజిరా అడుగుతూనే ఉంది.